పసుపు పసుపులాగే ఉండాలి

(పెళ్లి ఫొటోగ్రాఫర్ల కోసం జరిగిన ఒక శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినిపిస్తోందా? ఆ ఫ్యాన్ల కింద కూర్చున్నవాళ్లు కాస్త ముందుకి జరిగితే నాకు అరిచే పని తప్పుతుంది.

నన్ను పిలిచినవాళ్లు "పెళ్లి ఫొటోల ఎడిటింగ్ మీద ఒక గంట మాట్లాడండి, నాలుగు సాఫ్ట్‌వేర్ టిప్స్ చెప్పండి" అన్నారు. టిప్స్ యూట్యూబ్‌లో బోలెడున్నాయి, నాకంటే బాగా చెప్పేవాళ్లు ఉన్నారు. చిక్కేంటంటే ఆ వీడియోల్లో కనిపించే పెళ్లి మన పెళ్లి కాదు. అందులో పెళ్లికూతురు తెల్ల గౌను వేసుకుని సాయంత్రపు ఎండలో సముద్రం ఒడ్డున నిలబడి ఉంటుంది. మన పెళ్లికూతురు తెల్లవారుజామున మూడింటికి, ఎర్ర గుడ్డ కట్టిన పందిరి కింద పీటల మీద కూర్చుని ఉంటుంది, నెత్తిన ట్యూబులైట్లు, పక్కనుంచి వీడియోవాళ్ల లైటు, వెనక డెకరేషన్‌వాళ్ల నీలం ఎల్ఈడీ, ముందు హోమం పొగ, కాళ్లకీ చేతులకీ పసుపు, మెడ నిండా బంగారం. ఆ వీడియోలో చెప్పిన నంబర్లు తెచ్చి ఈ ఫొటోకి వేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకని ఇవాళ ఎక్కువగా రంగు గురించే మాట్లాడతాను. మన పెళ్లి ఫొటో బాగా వచ్చినా, పాడైనా, నూటికి తొంభై పాళ్లు రంగు దగ్గరే. మిగతావి దారిలో వస్తే చెప్తాను.

ముందు ఒక మాట. జేపెగ్‌లోనే, అంటే కెమెరాయే కుదించి ఇచ్చే మామూలు ఫొటో ఫైలుగానే తీసేవాళ్లు చేతులెత్తండి. పర్లేదు, ఏమీ అనను. సగం మంది ఉన్నారు. కారణం నాకు తెలుసు, ఒక పెళ్లికి నాలుగు వేల ఫొటోలు, కార్డులు నిండిపోతాయి, మర్నాడే పెన్‌డ్రైవ్ కావాలంటారు. కానీ లెక్క చూడండి. జేపెగ్ 8 బిట్ ఫైలు, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 256 మెట్లు ఉంటాయి. 14 బిట్ రా ఫైల్లో, అంటే కెమెరా చూసింది చూసినట్టు దాచే ఫైల్లో, అవే 16,384. మామూలు ఫొటోలో ఈ తేడా కంటికి ఆనదు. మన ఫొటోలో ఆనుతుంది, ఎందుకంటే పసుపు అంటే కెమెరా లెక్కలో ఎరుపు, ఆకుపచ్చ బాగా పైన ఉండి నీలం దాదాపు అడుగున ఉండటం. జేపెగ్‌లో ఆ నీలం చాలాసార్లు అప్పటికే సున్నాకి పడిపోయి ఉంటుంది. తర్వాత మీరు వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెలుపులా కనిపించేలా రంగు సరిచేసే స్లైడర్, ఎంత జరిపినా పట్టుకోవడానికి అక్కడ ఏమీ మిగలదు. నలుగు ఫొటోల్లో బుగ్గ మీది పసుపు కింద చర్మం ఉందన్న ఆనవాలే లేకుండా ఒకే ముద్దలా వచ్చేది అందుకే. పెళ్లంతా రా ఫైళ్లలో తీయలేమంటారా, కనీసం నలుగు, జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, ఈ నాలుగూ అలా తీయండి. భోజనాల బంతి ఫొటోలు జేపెగ్‌లో ఉన్నా అడిగేవాడు లేడు.

కాపీల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఒక్క ముక్కలో దాటేస్తాను. మూడు కాపీలు, రెండు వేరు వేరు డ్రైవుల మీద, అందులో ఒకటి స్టూడియోలో కాకుండా ఇంకో చోట. అవి తెరిచి చూసుకున్నాకే కార్డు ఫార్మాట్. అలాగే ఇద్దరు ముగ్గురు కలిసి తీస్తున్నప్పుడు పెళ్లి మొదలయ్యే ముందు అన్ని కెమెరాల టైమూ ఒక్కటి చేసుకోండి. చేసుకోకపోతే లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్యాప్చర్ టైమ్, అంటే ఫొటో తీసిన సమయం, మార్చుకునే వీలుంది, అన్ని కెమెరాల్లోనూ పడిన ఒకే క్షణం పట్టుకుని, గంట మోగి బాజాలు ఎత్తుకున్న క్షణం అనుకోండి, దాన్నిబట్టి తేడా సరిచేయొచ్చు. అదీ లేకపోతే ఆల్బమ్‌లో తలంబ్రాల తర్వాత కన్యాదానం వస్తుంది, అది వాళ్ల పెద్దమ్మే కనిపెడుతుంది.

ఇక వైట్ బ్యాలెన్స్. తెల్లటి వస్తువు ఏదో ఒకటి వెతికి ఐడ్రాపర్‌తో, అంటే ఇదే తెలుపు అని సాఫ్ట్‌వేర్‌కి చూపించే టూల్‌తో, నొక్కమని అందరూ చెప్తారు. మన పెళ్లిలో తెల్లది ఏముంది? మధుపర్కాలు. అందరూ పోయి వాటి మీదే నొక్కుతారు. నొక్కగానే ఫొటో నీలంగా అయిపోతుంది. మధుపర్కం పేరుకే తెలుపు. దాని మూలలకి పసుపు రాసి ఉంటుంది, తలంబ్రాల పసుపు రాలి ఉంటుంది, పక్కనున్న అరటి పిలకల పచ్చదనం, పైనున్న పందిరి గుడ్డ ఎరుపు, అన్నీ దాని మీద పడి ఉంటాయి. ఆ లేత పసుపే తెలుపనుకుని సాఫ్ట్‌వేర్ దాన్ని కొట్టేయడానికి ఫొటో మొత్తానికి నీలం పోస్తుంది. దీనికి ఎదురు కేసు కూడా ఉంది. కొత్త తెల్ల బట్టలకి, కొన్ని సబ్బుపొడుల్లోనూ, మెరుపు కోసం ఒక రసాయనం కలుపుతారు. అది కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలంగా వదులుతుంది. పగటి పెళ్లిలో అలాంటి పంచె మీద నొక్కారనుకోండి, ఈసారి ఫొటో పసుపెక్కుతుంది.

నేను నమ్మేది గ్రే కార్డు. మీద పడిన వెలుగులో 18 శాతాన్ని తిప్పికొట్టే బూడిద రంగు కార్డు, జేబులో పడుతుంది. మండపంలో లైట్లు సర్దడం అయ్యాక, అబ్బాయిని పీటల మీదికి తీసుకొచ్చేలోపు, ఆ పీట మీదే కార్డు పెట్టి ఒక ఫొటో తీయండి. లైటు మారినప్పుడల్లా ఇంకొకటి. ఆ ఒక్క ఫొటోతో తర్వాతి నాలుగు వందల ఫొటోల వైట్ బ్యాలెన్స్ సింక్ చేసుకోవచ్చు. కార్డు లేదు, ఫైళ్లు వేరేవాళ్లు తీసి పంపించారు అనుకోండి, అప్పుడు నేను చూసేది జడ. మన జుట్టు నలుపు కదా, ఆ నలుపులో నీడ ఉన్న చోట నీలమో ఆకుపచ్చో తిరుగుతుంటే మిగతా ఫొటో కూడా తప్పే. జడ నల్లబడేదాకా టెంపరేచర్ (నీలం, పసుపు మధ్య), టింట్ (ఆకుపచ్చ, మెజెంటా మధ్య) జరుపుతాను. కళ్ల తెల్లగుడ్డు, పళ్లు మాత్రం నమ్మొద్దు, అవి ఎవరికీ నిజంగా తెల్లగా ఉండవు.

ఇదంతా ఒకే రకం లైటు ఉన్నప్పుడు. మన మండపంలో మూడు రకాలుంటాయి. లైటు రంగుని కెల్విన్‌లలో చెప్తారు, నంబరు తక్కువైతే నారింజ వైపు, ఎక్కువైతే నీలం వైపు. పాత హాలోజన్ లైటు 3200 కెల్విన్ దగ్గర, మీ ఫ్లాష్ 5500 దగ్గర, ఎల్ఈడీ ప్యానెల్ ఏ నంబరు మీద పెట్టారో ఆ వీడియో కుర్రాడికే తెలుసు. ముఖం సరిచేస్తే వెనక మండపం నారింజ రంగులోకి పోతుంది, మండపం సరిచేస్తే ముఖం నీలంగా అవుతుంది. తీసేటప్పుడే ఫ్లాష్‌కి నారింజ జెల్, అంటే పల్చటి రంగు ప్లాస్టిక్ ముక్క, తగిలిస్తే సగం గొడవ అక్కడే పోతుంది. అది జరగనప్పుడు మాస్క్‌లు ఉన్నాయి, అంటే ఫొటోలో ఒక భాగాన్నే పట్టుకుని అక్కడ మాత్రమే మార్చడం. 2021లో లైట్‌రూమ్ మాస్కింగ్ పూర్తిగా మారింది, 2022లో మనుషుల్ని, ముఖాన్ని, చర్మాన్ని విడివిడిగా అదే పట్టుకోవడం మొదలైంది. ముఖానికి ఒక టెంపరేచర్, వెనకవాటికి ఇంకొక టెంపరేచర్ ఇచ్చుకోవచ్చు. కానీ చెయ్యి ఆడుతోంది కదా అని అన్నిటినీ తెల్లగా కడిగేయకండి. హోమం దగ్గర కూర్చున్నవాళ్ల ముఖాల మీద మంట రంగు ఉండాలి. హారతి పళ్లెం పట్టుకున్న ముత్తైదువ చేతుల మీద దీపం వెలుగు నారింజగానే ఉండాలి. అది కూడా సరిచేసేస్తే ఆఫీసు ట్యూబులైటు కింద హారతి ఇచ్చినట్టుంటుంది.

నీలం, ఊదా ఎల్ఈడీల గురించి ఎవరో ఇందాక టీ దగ్గర అడిగారు. అన్నా, దానికి మందు లేదు. నీలం లైటులో ఎరుపు, ఆకుపచ్చ దాదాపు ఉండవు, ఊదా లైటులో ఆకుపచ్చ దాదాపు ఉండదు, లేని రంగుని ఏ స్లైడరూ పుట్టించలేదు. బాగా అవసరమైన ఫొటో అయితే బ్లాక్ అండ్ వైట్ చేసుకోవచ్చు, సంగీత్ ఫొటోలకి అది నప్పుతుంది కూడా. మంగళసూత్రం కట్టే ఫొటోని బ్లాక్ అండ్ వైట్‌లో ఇచ్చి చూడండి, ఆ ఇంట్లో మీకు కాఫీ కూడా ఇవ్వరు. (నవ్వులు) కాబట్టి ముహూర్తానికి గంట ముందే డెకరేషన్‌ అతన్ని పట్టుకుని, పీటల మీద పడే ఆ రెండు లైట్లనీ ఆపించుకోండి. ఎడిటింగ్‌లో పది గంటల పని అక్కడ రెండు మాటలతో పోతుంది.

ఇప్పుడు హెచ్ఎస్ఎల్ ప్యానెల్‌కి వద్దాం, ఒక్కో రంగు ఛాయని (హ్యూ), గాఢతని (శాచురేషన్), వెలుగుని (ల్యూమినెన్స్) విడిగా మార్చేది. మన చర్మం ఎక్కువగా ఆరెంజ్‌లో ఉంటుంది. పసుపు యెల్లోలో. బంగారం ఈ రెండిటి మధ్య అటూ ఇటూ తిరుగుతుంది. కుంకుమ, పారాణి, ఎర్ర పట్టుచీర రెడ్‌లో. అరటి పిలకలు, మామిడి తోరణాలు గ్రీన్‌లో అనుకుంటారు, కానీ లేత ఆకుల్లో యెల్లో పాలు చాలా ఎక్కువ. ఇది గుర్తుంటే ప్రీసెట్, అంటే ముందే దాచుకున్న సెట్టింగుల కట్ట, ఎందుకు బెడిసికొడుతుందో అర్థమవుతుంది. ఇప్పుడు నడుస్తున్న మూడీ ప్రీసెట్లు చూడండి, అవి చేసే మొదటి పని గ్రీన్ శాచురేషన్ తగ్గించి, యెల్లోని ఆరెంజ్ వైపు తోయడం. ఐరోపా అడవిలో తీసిన ఫొటోకి అది అందంగానే ఉంటుంది. మన ఫొటోకి వేస్తే పొద్దున కట్టిన మామిడి తోరణం వారం క్రితం కట్టినట్టు ఎండిపోయి కనిపిస్తుంది, పసుపు మట్టి రంగులోకి దిగిపోతుంది, తలంబ్రాలు గోధుమ రవ్వలా ఉంటాయి. శుభమా అని పెళ్లి చేసుకుంటే ఫొటోలో అన్నీ వాడిపోయినవే! పెద్దవాళ్లకి ఎందుకు నచ్చలేదో చెప్పడం రాదు, "ఏంటో బాబూ, కళ తప్పింది" అంటారు అంతే. వాళ్లు చెప్పింది నిజం.

పసుపుతో ఇంకో తంటా ఉంది. చర్మం శుభ్రంగా కనిపించాలని యెల్లో శాచురేషన్ తగ్గించేస్తాం. మామూలు పోర్ట్రెయిట్‌కి అది మంచి పద్ధతే, కానీ నలుగు ఫొటోలో తగ్గిస్తే నలుగే మాయమవుతుంది. అందుకే మొత్తం ఫొటోకి యెల్లో ముట్టుకోను. నుదురో మెడో, పసుపు అంటని చర్మాన్ని మాస్క్‌లో పట్టుకుని అక్కడ మాత్రమే తగ్గిస్తాను. 2023లో వచ్చిన పాయింట్ కలర్ దీనికి భలే పనికొస్తుంది, సరిగ్గా ఆ రంగు మీద నొక్కి, ఎంత దూరం దాకా వర్తించాలో రేంజ్ కుదించుకోవచ్చు. పసుపు ముద్దని ఒక నమూనాగా, పసుపు పడి తెల్ల చీర మీద తేలిన మరకని ఇంకో నమూనాగా విడిగా తీసుకోండి. పసుపు అలాగే ఉంటుంది, చీర తెలుపు తేలుతుంది.

సరే, ఇప్పుడు మీరందరూ ఎదురుచూస్తున్న విషయం. "బాబూ, మా అమ్మాయిని కాస్త కలర్ వచ్చేలా చెయ్యి." ఈ మాట వినని ఫొటోగ్రాఫర్ ఈ హాల్లో ఉన్నాడా? ఒక్క చెయ్యి కూడా లేవలేదు. ఫెయిర్ అనే ముక్కని ఫెయిర్ అండ్ లవ్లీ కంపెనీయే 2020లో ఆ క్రీమ్ పేరులోంచి తీసేసింది, మన ప్రీసెట్ ఫోల్డర్లలో మాత్రం "ఫెయిర్ స్కిన్ 1, ఫెయిర్ స్కిన్ 2" ఇంకా అలాగే ఉన్నాయి.

నేను నీతులు చెప్పడానికి రాలేదు, పనిగా చూద్దాం. తెల్లబరిచిన ఫొటో ఎక్కడ దొరికిపోతుందో తెలుసా? జీలకర్ర బెల్లం ఫొటోలో. అమ్మాయి చెయ్యి అబ్బాయి నెత్తి మీద ఉంటుంది, అబ్బాయి చెయ్యి అమ్మాయి నెత్తి మీద ఉంటుంది. ముఖాలు రెండూ మైదాపిండి రంగులో, చేతులు రెండూ ఉన్న రంగులో. చూసేవాళ్లకి ఆ చేతులు ఇంకెవరివో అనిపిస్తుంది. చేతులు కూడా తెల్లబరిస్తే గోరింటాకు వెలిసిపోతుంది. గోరింటాకు వదిలేసి తెల్లబరుద్దామంటే వేళ్ల చివర్ల దాకా మాస్క్ గీస్తూ కూర్చోవాలి. పక్కన నిలబడ్డ చెల్లెలు, అమ్మ, మేనత్తలు అందరిదీ ఒకే చాయ, మధ్యలో ఈ పిల్లది మాత్రం వేరే చాయ. పదేళ్ల తర్వాత ఆ పిల్ల కూతురు ఆల్బమ్ తీసి "అమ్మా, ఇది నువ్వేనా?" అంటుంది.

అడిగినవాళ్లని తిట్టి ప్రయోజనం లేదు. ముందు ఫొటో చూడండి. పదిసార్లలో ఏడెనిమిది సార్లు ముఖం నిజంగానే చీకట్లో ఉంటుంది. తెల్ల మధుపర్కాలు, వెనక లైట్లు చూసి కెమెరా మీటరు మోసపోయి ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది, ముఖం మాడిపోతుంది. అలాంటప్పుడు ముఖం మాస్క్ తీసుకుని అరస్టాపు, మహా అయితే ముప్పావు స్టాపు వెలుగు పెంచండి (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు), మెడకి, చేతులకి కూడా కొంచెం కొంచెం తగ్గిస్తూ ఇవ్వండి. హ్యూ ముట్టుకోవద్దు, ఆరెంజ్ శాచురేషన్ ముట్టుకోవద్దు. వీడియో ఎడిటింగ్ తెలిసినవాళ్లకి వెక్టర్‌స్కోప్‌లో, అంటే ఫొటోలో రంగులు ఎటు ఉన్నాయో చూపించే గుండ్రటి చార్టులో, స్కిన్ టోన్ గీత తెలుసు కదా, మనిషి నలుపైనా చామనఛాయైనా ఎరుపైనా చర్మం రంగు దాదాపు ఆ గీత చుట్టుపక్కలే పడుతుంది. మారేది వెలుగు, గాఢత మాత్రమే. వెలుగు ఇస్తే అదే చర్మం వెలుగులోకి వస్తుంది. శాచురేషన్ తీసేస్తే బూడిద పూసినట్టు అవుతుంది. ఈ వెలుగు పెంచిన ఫొటో చూపిస్తే నూటికి ఎనభై మంది "ఆ, ఇలాగే" అంటారు.

పక్కమాట ఒకటి. ఈ పక్షపాతం మనం కనిపెట్టింది కాదు, కలర్ ఫిల్మ్‌లోనే ఉండేది. ల్యాబుల్లో రంగు సరిచూసుకోవడానికి కొడాక్ ఒక కార్డు పంపేది, షెర్లీ కార్డు అనేవాళ్లు, దాని మీద తెల్లజాతి అమ్మాయి ఫొటో. ఆ అమ్మాయి చర్మం బాగా వస్తే మెషిన్ సరిగ్గా ఉన్నట్టు లెక్క. నల్లవాళ్ల ముఖాలు ప్రింట్‌లో మసిబారినా దశాబ్దాల పాటు ఎవరూ పట్టించుకోలేదు. చివరికి గోధుమ రంగు ఛాయలు సరిగ్గా రావట్లేదని చాక్లెట్ కంపెనీలు, చెక్క ఫర్నిచర్ కంపెనీలు గోల పెడితే అప్పుడు ఫిల్మ్ మెరుగుపరిచారని అక్కడ పనిచేసినవాళ్లే తర్వాత చెప్పుకొచ్చారు. వేరు వేరు చాయల అమ్మాయిలు ముగ్గురూ ఉన్న కార్డు 1990లలో గానీ రాలేదు. అంటే మనుషులు అడిగితే కాలేదు, టేకు బల్ల అడిగితే అయింది!

చర్మం రీటచింగ్. ఇక్కడ మీకు స్క్రీన్ మీద ఒక బుగ్గ చూపిస్తాను, మనిషిని గుర్తుపట్టకుండా కత్తిరించాను. ఇదిగో, ఇది ఆటోమేటిక్ రీటచింగ్ టూల్‌తో ఒక్క క్లిక్‌లో చేసింది. ఏం పోయింది? బుగ్గ చుక్క. కాటుకతో పెట్టిన దిష్టి చుక్కని అది మచ్చ అనుకుని తుడిచేసింది. అబ్బాయి బుగ్గన కూడా అంతే. నుదుటి మీద కల్యాణ తిలకం చుట్టూ పెట్టిన చిన్న చిన్న చుక్కల్లో రెండు ఉన్నాయి, నాలుగు లేవు. తలంబ్రాల ఫొటోలో కనుబొమ మీద ఆగిన బియ్యపు గింజని కూడా పీకేసింది. బాసికం దారం నుదుటి మీద వేసే సన్నటి నీడని ముడత అనుకుని నున్నగా చేసింది. ఈ టూల్స్‌ని నేను వాడతాను, అబద్ధం చెప్పను, మూడు వేల ఫొటోలు చేత్తో ఎవరూ చేయలేరు. కానీ బ్యాచ్ నడిపించాక ఆల్బమ్‌లోకి వెళ్లే ప్రతి క్లోజప్‌నీ పాత ఫొటో పక్కన పెట్టి ఒకసారి చూడండి, చుక్కలు లెక్కపెట్టండి.

చేత్తో చేసేటప్పుడు నా పద్ధతి ఏంటంటే, పది రోజులాగితే దానంతటది పోయేదాన్ని తీసేస్తాను. మొటిమ, దోమకాటు, నిద్రలేక వచ్చిన ఎర్రదనం, ఇవి పోవచ్చు. పుట్టుమచ్చ, చిన్నప్పటి గాటు, వాళ్లు అడిగితే తప్ప ముట్టుకోను. కళ్ల కింద నలుపు సగమే తగ్గిస్తాను, మొత్తం తీస్తే కళ్లు బొమ్మ కళ్లయిపోతాయి. మే నెల పెళ్లిలో చెమట పట్టి ముక్కు, నుదురు మెరుస్తాయి, ఆ మెరుపుని చంపకుండా హైలైట్స్, అంటే బాగా వెలుగున్న చోట్లు, కొంచెం దించితే చాలు. క్లారిటీని మైనస్‌లోకి లాగి చర్మం నున్నగా చేసేవాళ్లున్నారు, దయచేసి మానేయండి, ముఖం చుట్టూ ఆవిరి పట్టినట్టు వస్తుంది. 2019లో వచ్చిన టెక్స్చర్ స్లైడర్‌ని చర్మం మాస్క్‌లో మైనస్ పదిహేను దాకా తీసుకెళ్తే మామూలు ఫొటోలకి అది సరిపోతుంది.

ఆల్బమ్ కవర్ మీదికి, గోడ మీద ఫ్రేముకి వెళ్లే పాతిక ముప్పై ఫొటోలకి మాత్రం ఫోటోషాప్‌లో ఫ్రీక్వెన్సీ సెపరేషన్ చేసుకోండి. అందులో సంగతి చాలా సింపుల్, చర్మం రంగుని ఒక లేయర్లోకి, చర్మం నూగుని, గరుకుని ఇంకో లేయర్లోకి విడదీస్తాం. రెండు కాపీలు తీసుకుని కిందిదానికి గాసియన్ బ్లర్, పైదానికి అప్లై ఇమేజ్. 8 బిట్ ఫైలైతే సబ్‌ట్రాక్ట్, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 128, బ్లెండ్ మోడ్ లీనియర్ లైట్. ఇక రంగు మచ్చల్ని కింది లేయర్లో, మొటిమల్ని పై లేయర్లో విడివిడిగా బాగుచేయొచ్చు. బ్లర్ ఎంత ఇవ్వాలి అంటే చర్మరంధ్రాలు కనిపించడం ఆగేంత వరకే, నంబరు బట్టీ పట్టొద్దు, ముఖం ఫ్రేములో ఎంత పెద్దగా ఉందో దాన్నిబట్టి మారుతుంది.

నగలు, చీర దగ్గర రెండు ముక్కలు. ఎర్ర పట్టుచీర, కుంకుమ, వీటిలో రెడ్ ఛానల్ ముందే నిండిపోతుంది. మామూలు హిస్టోగ్రామ్, అంటే చీకటి ఎడమన, వెలుగు కుడిన చూపించే గ్రాఫ్, బాగానే ఉందనిపిస్తుంది, విడిగా ఎరుపు చూస్తే కుడి గోడకి గుద్దుకుని ఉంటుంది. అక్కడ నేతలో ఉన్న బుటా ఏదీ కనిపించదు, ఎర్ర పలక అంతే. అలాంటప్పుడు ఎక్స్‌పోజర్ కాకుండా రెడ్ శాచురేషన్, ల్యూమినెన్స్ కాస్త దించండి, అంచులోని డిజైను తిరిగి వస్తుంది. కాసుల పేరు, వడ్డాణం దగ్గర హైలైట్స్ దించి, ఆ మెరుపు చుక్కలు నాలుగు మాత్రం తెల్లగా వదిలేయండి. అన్ని మెరుపులూ దించేస్తే బంగారం ఇత్తడిలా ఉంటుంది. 2023లో వచ్చిన ఏఐ డీనాయిస్, చీకట్లో తీసిన ఫొటోల మీది రవ్వలాంటి చుక్కల్ని తీసేసే టూల్, రాత్రి పెళ్లిళ్లకి వరమే, కానీ దాన్ని వంద మీద పెడితే జరీ పోగులు కలిసిపోతాయి, గద్వాల అంచు ప్లాస్టిక్ రిబ్బన్ అవుతుంది. నేను సగం లోపే ఆపుతాను. కొంచెం గ్రెయిన్, అంటే ఆ రవ్వ, ఉన్న ఫొటో ప్రింట్‌లో ఏమీ చెడదు.

ఆ, అక్కడ అడగండి. మైకు ఇవ్వండి ఆయనకి.

ఆయన అడుగుతున్నది వినిపించిందా? "చనిపోయిన నాన్నగారిని ఫొటోలో కలపమంటారు, ఏం చేయాలి?" మంచి ప్రశ్న, కోవిడ్ తర్వాత ఇది ఇంకా పెరిగింది. నేను చేస్తాను. కాకపోతే కన్యాదానం ఫొటోలో, కాళ్లు కడిగే ఫొటోలో పెట్టను. ఆ పీట మీద ఆ రోజు బాబాయో మేనమామో కూర్చుని ఉంటారు, ఆయన్ని తీసేసి ఇంకొకరిని పెట్టడం నాకు సరిగ్గా అనిపించదు. దాని బదులు పెళ్లయ్యాక కుటుంబమంతా నిలబడే గ్రూప్ ఫొటోలో కలిపి, విడిగా ఒక ఫ్రేము కట్టించి ఇస్తాను. ఇది ముందే తెలిస్తే తీసేటప్పుడే అమ్మ పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదలండి, తర్వాత అందర్నీ కోసి జరపాల్సిన పని ఉండదు.

పనిగా చూస్తే ఇందులో దొరికిపోయేవి మూడు. ఒకటి వెలుగు వచ్చే వైపు. పాత ఫొటోలో కుడి నుంచి, కొత్తదానిలో ఎడమ నుంచి పడితే ముఖాన్ని తిప్పాలి, కానీ తిప్పితే పాపిడి, పుట్టుమచ్చ, చొక్కా గుండీలు కూడా తిరుగుతాయి, ఇంట్లోవాళ్లు వెంటనే పట్టేస్తారు. అందుకే వీలైతే రెండు మూడు పాత ఫొటోలు అడిగి, వెలుగు సరిపోయేదాన్ని ఎంచుకోండి. రెండోది నలుపు. పాత స్కాన్‌లో నలుపు బూడిదగా వెలిసి ఉంటుంది, కర్వ్స్‌లో, అంటే వెలుగు నీడలు సరిచేసే గీతలో, కింది చివర రెండిటికీ ఒకే చోట ఉండాలి. మూడోది పదును. చిన్న పాస్‌పోర్ట్ ఫొటోని పెద్దది చేసి కొత్త కెమెరా ఫొటో పక్కన పెడితే మెత్తగా తేలిపోతుంది. ఏఐతో పదును తెస్తే కొన్నిసార్లు ముఖమే మారిపోతుంది, కళ్లు ఇంకెవరివో వస్తాయి. దానికంటే మొత్తం ఫొటో మీద ఒకే గ్రెయిన్ పొర వేయడం మేలు, రెండూ కలిసిపోతాయి. ఇచ్చే ముందు వాళ్లమ్మగారికి కాకుండా ఇంట్లో ఇంకొకరికి చూపించి "ఆయనలాగే ఉన్నారా" అని అడగండి.

ఇక ఆల్బమ్. మన దగ్గర ఎక్కువగా నడిచేది 12 బై 36 అంగుళాల షీటు. 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 3,600 బై 10,800 పిక్సెళ్లు. మధ్యలో మడత వస్తుందని తెలిసి కూడా జంట ముఖాలు సరిగ్గా మధ్యలో పెట్టే డిజైనర్లు ఉన్నారు, మడత అబ్బాయి ముక్కు మీదుగా పోతుంది. ఫైళ్లు ఎస్ఆర్‌జీబీలోనే, అంటే మామూలు స్క్రీన్లు వాడే రంగుల ప్రమాణంలోనే పంపండి, ల్యాబ్ వేరేలా అడిగితే తప్ప. అంతకంటే ఎక్కువ రంగులు పట్టే అడోబ్ ఆర్‌జీబీలో పంపితే, ఏ ప్రమాణమో చెప్పే ప్రొఫైల్‌ని పట్టించుకోని మెషిన్ దాన్ని ఎస్ఆర్‌జీబీ అనుకుని ప్రింట్ కొడుతుంది, రంగులు నీరసంగా వస్తాయి, తప్పు ల్యాబ్ మీదికి పోతుంది.

"స్క్రీన్ మీద బాగుంది, ప్రింట్ నల్లగా వచ్చింది" అనే గోల కూడా చాలావరకు మన మానిటర్ వల్లే. బ్రైట్‌నెస్ పూర్తిగా పెట్టుకుని చీకటి గదిలో ఎడిట్ చేస్తే చీకటి ఫొటో కూడా వెలుగుగానే కనిపిస్తుంది. ప్రింట్ పని చేసేవాళ్లు మానిటర్ని 80 నుంచి 120 నిట్స్ (స్క్రీన్ వెలుగు కొలత) మధ్య పెట్టుకోవాలి. మానిటర్ రంగు, వెలుగు సరిచూసే క్యాలిబ్రేషన్ పరికరం ఒక్కొక్కరూ కొనలేకపోతే నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి, నెలకోసారి ఎవరి మానిటర్ వాళ్లు సరిచూసుకోవచ్చు. అదీ కాకపోతే ఆల్బమ్ మొత్తం పంపే ముందు ఒక్క షీటు టెస్ట్ ప్రింట్ తెప్పించండి. అందులో నలుగు ఫొటో ఒకటి, మధుపర్కాలది ఒకటి, ఎర్ర చీరది ఒకటి, రాత్రి రిసెప్షన్ నల్ల సూటు ఫొటో ఒకటి పెట్టండి. ఆ నాలుగూ బాగుంటే మిగతా షీట్ల గురించి టెన్షన్ అక్కర్లేదు. ఆ షీటుని పగటి వెలుగులో, కిటికీ దగ్గర చూడండి, ట్యూబులైటు కింద కాదు.

వాట్సాప్‌లో పంపే ఫొటోల సంగతి, తమ్ముడూ, నువ్వు చెయ్యి ఎత్తి చాలాసేపైంది. అవును, మామూలుగా పంపితే అది కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. కానీ నాలుగు వందల మంది ఉన్న కుటుంబం గ్రూపులో వాళ్లు దాన్ని మళ్లీ ఎలాగూ ఫార్వర్డ్ చేస్తారు. అందుకే వాట్సాప్ కోసం పొడుగు వైపు రెండు వేల పిక్సెళ్లకి మీరే కుదించి, పదును కొంచెం పెంచి విడిగా ఒక ఫోల్డర్ ఇవ్వండి. అమెరికాలో ఉన్న అక్క పెళ్లికి రాలేక ఫోన్లోనే చూస్తుంది, ఆమె చూసేది ఆ ఫోల్డరే.

నాకిచ్చిన గంట అయిపోయింది. ల్యాప్‌టాప్‌లు తెచ్చుకున్నవాళ్లకి ఇప్పుడు మూడు రా ఫైళ్లు ఇస్తాను, ఒకటి నలుగు, ఒకటి జీలకర్ర బెల్లం, ఒకటి ఆ నీలం ఎల్ఈడీ కింద తీసింది. మొదటి రెండూ చేయండి, మూడోది చేసి చూసి నన్ను తిట్టుకోండి. ప్రీసెట్లు వద్దు. తెరవగానే ముందు జడ చూడండి.